పసుపులో మందు కలదా? – పాడిరైతులకు కొన్ని మాటలు

వ్యవసాయాధికారి, నరసన్నపేట



గత వర్షాకాలములో ఉబాలు జరుగుచుండగా నరసన్నపేటకు దగ్గరలోని ఒక గ్రామమునకు నారుమళ్ళు చూచుటకు వెళ్ళితిని. పని ముగించుకొని వచ్చుచుండగా ఒక రైతు ఇల్లాలు నన్ను పశువుల సాల దగ్గరకు పిలిచినది. ఆమె ఆవు ఈని నెల దాటలేదు. వెనుక చన్నులలో ఒకటి రాయివలె గట్టిపడి ఉన్నది. పొదుగంతయు పసుపు, వేపాకు నూరి పట్టించినారు. గోడగూటిలో ఇంజెక్షను సీసా ఒకటి సగము మందుతో ఉన్నది. ఎవరో రెండు రోజులు సూది వేసిరట. వాపు కొంచెము తీయగానే మానివేసి, మిగిలిన మందును మరల పనికివచ్చునని దాచిరి. పాలు మాత్రము పూటపూటా కేంద్రమునకు పోవుచునే ఉన్నవి.

"బాబూ, ఈ పసుపులో నిజంగా ఏటైనా మందుందా, మా పెద్దోలు ఊరికే రాసీవోరా?" అని ఆమె అడిగినది.

నేను పైరుల సంగతి చూచువాడనే గాని పశువైద్యుడను కాను. ఆనాడు పశువైద్యుని పిలిపించి ఊరుకొంటిని. కాని ఆమె ప్రశ్నకు సరియైన జవాబు చెప్పవలసియున్నది. అది మీ అందరి ఇండ్లలోను ఉన్న ప్రశ్నయే.

మందు ఉన్నది. పసుపుకొమ్మునకు రంగు నిచ్చు కర్క్యుమిన్ అను పదార్థమునకు బాక్టీరియాను అణచు గుణము కలదు. వేపనూనెనుండి నింబిన్, నింబిడిన్ మొదలగు చేదు పదార్థములను సలీముజ్జమాన్ సిద్దీఖీ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1942లో విడదీసెను. వెల్లుల్లిలోని అల్లిసిన్‌ను 1944లో అమెరికాలో కనుగొనిరి. ఈ వెల్లుల్లి సంగతి తమాషాగా ఉండును. చెక్కుచెదరని పాయలో అల్లిసిన్ లేనేలేదు. పాయను నలిపినప్పుడు లోపల వేరువేరు అరలలో నున్న రెండు వస్తువులు కలిసికొని అప్పటికప్పుడు అది పుట్టును. పాయను నలపకుండ పొయ్యిమీద వేయించినచో ఆ కలయికకు కావలసిన ఎంజైము చెడిపోవును. దంచి కొంతసేపు ఉంచిన పిమ్మట వాడుమని మన ముసలమ్మలు చెప్పుట ఇందుకు సరిపోవుచున్నది.

ఇట్టి గుణమును పరీక్షించు విధము సులభమే. సముద్రపు నాచునుండి తీసిన అగరు అను జిగురును గాజుపళ్ళెములో పోసి, నారుమడిలో విత్తనము చల్లినట్లు దానిపై బాక్టీరియాను పరచెదరు. మొక్క రసములో తడిపిన చిన్న కాగితపు బిళ్ళను మధ్యలో ఉంచెదరు. మరునాటికి పళ్ళెమంతయు బాక్టీరియా పెరుగును. రసములో బలమున్నచో బిళ్ళ చుట్టును మాత్రము బోడి వలయ మేర్పడును.

అయితే గాజుపళ్ళెము వేరు, ప్రాణి శరీరము వేరు. పసుపు మింగినచో అందులోని కర్క్యుమిన్ రక్తములోనికి చేరునది బహు కొంచెము. ఆ చేరినదానిని కూడ కాలేయము త్వరగా మార్చివేయును. కావున పసుపు పైపూతకు పనికివచ్చినంతగా లోపలి రోగమునకు పనికిరాదు. నేలవేము సంగతియు చూడుడు. దాని చేదు ఆండ్రోగ్రాఫోలైడ్ అను పదార్థమునుండి వచ్చుచున్నది. బాక్టీరియాను నేరుగా చంపు శక్తి దానికి తక్కువ. జ్వరము వచ్చిన బిడ్డకు నేలవేము కషాయము పోసి నాలుగు రోజులు వేచియుండుట ప్రమాదకరము.

మానుపసుపులో బెర్బెరిన్ అను పదార్థము కలదు. కొన్ని బాక్టీరియాలు దానిని, పడవలోనికి వచ్చిన నీటిని తోడిపోసినట్లు, ఎప్పటికప్పుడు బయటకు నెట్టివేయును. ఈ తోడుటను ఆపు మరియొక పదార్థము ఆ జాతి మొక్కలలోనే కలదని 2000 సంవత్సరములో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ రెండవ పదార్థము విడిగా దేనిని చంపలేదు, బెర్బెరిన్‌కు తోడు నిలుచును. మొక్క మొత్తమును వాడు పాత పద్ధతిని తేలికగా త్రోసివేయరాదనుటకు ఇది యొక సాక్ష్యము.

మరి సూదిమందు సంగతి ఏమి? దాని కథలోను మన తెలుగువారు కలరు. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మదరాసులో ఆయుర్వేద కళాశాలలో బోధించి, పిమ్మట అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు పెద్ద అయినారు. ఆయన ఆధ్వర్యమున బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1945లో మిస్సోరీ రాష్ట్రపు పొలము మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ కుటుంబమున అదియే మొదటిది. ఇట్టి మందు శుద్ధమైనది, కొలత గలది, రక్తముద్వారా రోగస్థానమునకు చేరునది. మీ గట్టుమీది వేపాకు బలము చెట్టు చెట్టుకును, ఋతువు ఋతువుకును మారుచుండును.

కాని ఆ సూదిమందును సగములో ఆపినచో జరుగునది రైతునకు సులభముగా బోధపడును. బలహీనమైన క్రిములు చచ్చును, తట్టుకొనునవి మిగులును. ఆ మిగిలినవే రేపటికి విత్తనము. గోడగూటిలోని సగము సీసా అందువలననే నన్ను భయపెట్టినది. ఆహారము నిచ్చు పశువులకు, కోళ్ళకు కొలిస్టిన్ అను మందు వాడరాదని 2019లో కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. మనుష్యులకు అది చివరి ఆధారములలో ఒకటి కావుటయే కారణము.

పైరుల విషయమున కూడ ఇదే జరిగినది. వరిలో బాక్టీరియా ఆకుఎండు తెగులునకు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన మందును చాలకాలము చల్లితిమి. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఉత్తర్వు వెలువరించి, 2024 జనవరి 1 నుండి వ్యవసాయములో వాటి వాడుక పూర్తిగా మానవలెనని నిర్ణయించినది. పాత పొట్లములున్నచో చల్లవద్దు. తెగులు కనబడగానే యూరియా ఆపి, మడిలో నీరు తీసివేయుడు. 5 శాతము వేపగింజల కషాయమును తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు సూచించుచున్నారు. అది తెగులు తొలిదశలో తోడ్పడును గాని ముదిరినదానిని మాన్పునని ఆశపడవద్దు. సాంబమసూరి పండించువారికి 2008లో విడుదలైన మెరుగుపరచిన సాంబమసూరి ఇంతకన్న మేలు. తెగులును తట్టుకొను మూడు జన్యువులను హైదరాబాదు శాస్త్రజ్ఞులు అందులో చేర్చినారు.

ఇక పొదుగువాపునకు వత్తము. జాతీయ పాడి అభివృద్ధి సంస్థవారు ప్రచారము చేయుచున్న పూత ఒకటి కలదు. ఒక రోజునకు కలబంద పావుకిలో, పసుపు 50 గ్రాములు, తాంబూలమునకు వాడు సున్నము 15 గ్రాములు తీసికొనవలెను. కలబంద ముండ్లు తీసి, తోలుతోనే ముక్కలు కోసి, మూడింటిని కలిపి మెత్తగా నూరవలెను. సున్నము తగిలి ముద్ద పారాణివలె ఎర్రబారును. ముందుగా పొదుగు కడిగి, చెడిపాలు పూర్తిగా పిండి దూరముగా పారబోయవలెను. గుప్పెడు ముద్దను కొంచెము నీటితో పలుచన చేసి పొదుగంతటికి పూయవలెను. రోజునకు పది పర్యాయములు, ఐదు రోజులు చేయవలెను. పది పర్యాయములా అని విసుగుకొనకుడు. ఉదయమొకసారి, సాయంత్రమొకసారి పూసి ఫలితము లేదనువారే ఎక్కువ. ఏ రోజు ముద్ద ఆ రోజే నూరుకొనవలెను.

ఇది వాపు మొదలగునప్పటి మాట. ప్రతిపూట మొదటి నాలుగు ధారలను నల్లని గుడ్డపై పిండి చూచినచో తరకలు ముందే కనబడును. ఆవునకు జ్వరము తగిలినను, మేత మానినను, పాలు నీరువలె గాని రక్తముతో గాని వచ్చినను, పొదుగు చల్లబడి నీలిరంగు తిరిగినను పూతలతో కాలము గడపక ఆ పూటే పశువైద్యుని పిలువుడు. ఆయన ఎన్ని రోజులు సూది చెప్పిన అన్ని రోజులును వేయించుడు. సీసాపై వ్రాసిన గడువు ముగియువరకు ఆ పాలు కేంద్రమునకు పోయవద్దు, ఇంటిలో పిల్లలకును త్రాగింపవద్దు.

ఆ ఇల్లాలి ఆవు బ్రతికినది గాని ఆ చన్ను ఎండిపోయినది. ఇప్పుడది మూడు చన్నులతోనే పాలిచ్చుచున్నది. మొన్న మరల ఆ త్రోవను వెళ్ళినప్పుడు చూచితిని, సాల వెనుక కుడితి నీరు పారుచోట కలబంద పిలకలు వరుసగా నాటియున్నది. గోడగూడు ఖాళీగా ఉన్నది.