బడి పిల్లలతో పద్యనాటకం: ఏది ఎంచుకోవాలి?

హైస్కూలు వార్షికోత్సవం దగ్గరపడితే తెలుగు మాస్టారి నెత్తిన పడే పని ఒకటుంది. పిల్లలతో నాటకం వేయించాలి. సాంఘిక నాటిక అయితే పెద్ద తంటా లేదు. పాటా పద్యం ఉన్నది వేద్దామనుకున్నప్పుడే చిక్కు మొదలవుతుంది. కృష్ణ రాయబారమా, హరిశ్చంద్రా అంటూ స్టాఫ్ రూములో పేర్ల మీద వాదనలు సాగుతాయి. పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మన బడిలో ఎవరెవరు పాడగలరు, ఏ శ్రుతిలో పాడగలరు అన్నది చూసుకుంటే సగం వాదన దానంతటదే తీరుతుంది.

పన్నెండేళ్ల నుంచి పదిహేనేళ్ల మధ్య చాలామంది మగపిల్లల గొంతు మారుతుంది. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు సాగి మందమై, గొంతు ఇంచుమించు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతూ మారుతుంది కానీ దిగేది కొద్దిగానే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆగస్టులో ఖంగుమని పాడుతున్నాడని ఎనిమిదో తరగతి కుర్రాడికి కృష్ణ వేషం ఇచ్చామనుకోండి. ఫిబ్రవరిలో పరదా లేచేసరికి వాడికి ఆ గొంతు ఉంటుందన్న నమ్మకం లేదు. పై స్వరం అందుకోబోతే బొంగురుపోతుంది. ముందు వరసల్లో కూర్చున్న తోటి పిల్లలు గొల్లుమంటారు. ఆ కుర్రాడు ఇంకెప్పుడూ స్టేజీ ఎక్కనంటాడు. తప్పు వాడిది కాదు, వేషం పంచినవాళ్లది.

దీనికి తోడు పద్యనాటకానికి ఒక పాత అలవాటుంది. మైకులు లేని రోజుల్లో చివరి వరస దాకా వినబడాలని నటులు శ్రుతి బాగా పెంచి పాడేవారు. మైకులు వచ్చాక కూడా ఆ మోజు పోలేదు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యాలు విని పిల్లలు రాగం, విరుపు నేర్చుకోవడం మంచిదే. వాళ్ల శ్రుతిని మాత్రం అరువు తెచ్చుకోకూడదు. సాధారణంగా మగ గొంతుకు 1, 2 శ్రుతులు, ఆడ గొంతుకు 5, 6 శ్రుతులు కుదురుతాయి. మారుతున్న గొంతు ఈ రెంటి మధ్యా ఎక్కడ ఉందో నెలనెలా హార్మోనియం ముందు కూర్చోబెట్టి చూడాల్సిందే. అందుకే కృష్ణుడి వేషం పాడగల తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇవ్వమంటాను. స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే మురిసిపోయిన ప్రేక్షకులకు అమ్మాయి కృష్ణుడైతే అభ్యంతరం ఎందుకుంటుంది?

ఇప్పుడు నాటకాల దగ్గరికి వద్దాం. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ అనగానే అందరికీ గుర్తొచ్చేది పడక సీను. పిల్లలకు అదే కష్టం. అర్జునుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ గట్టిగా పాడాలి. ప్రేక్షకుల్లో సగం మందికి ఆ పద్యాలు నోటికొచ్చు కాబట్టి ఒక్క మాట జారినా దొరికిపోతారు. రాయబారం సభ నయం. కృష్ణుడు, దుర్యోధనుడు బాగా పాడగలిగితే చాలు. కర్ణుడికీ అశ్వత్థామకూ తలా ఒక పద్యం, భీష్మద్రోణులకు నాలుగు మాటలు ఇచ్చి పది పన్నెండు మందిని స్టేజీ మీదికి తేవచ్చు. ఊరికే కిరీటం పెట్టుకుని కూర్చునేవాళ్లకు విసుగు పుట్టకుండా అక్కడక్కడా సంభాషణ కల్పించుకోవాలి.

బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’లో నక్షత్రకుడి వేషం బడి పిల్లలకు వరం. చలాకీతనం, పెంకితనం ఉంటే చాలు, సంగీతం అంతంతమాత్రమైనా నెట్టుకు రావచ్చు. కాటి సీను జోలికి మాత్రం పోవద్దంటాను. కొడుకు శవాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చే చంద్రమతిని పద్నాలుగేళ్ల పిల్ల మోయలేదు. మోసిందంటే అది మరీ బెంగ పెట్టుకోవాల్సిన సంగతి.

నన్నడిగితే చిలకమర్తి లక్ష్మీనరసింహం 1890లో రాసిన ‘గయోపాఖ్యానం’ వైపు మొగ్గుతాను. ఆకాశంలో పోతున్న గయుడనే గంధర్వుడు ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట్లో పడుతుంది. ఆయన గయుణ్ణి చంపుతానని శపథం పడతాడు. తరుముతున్నది ఎవరో తెలియకుండానే అర్జునుడు అభయమిచ్చేస్తాడు. ప్రాణ స్నేహితులు ఇద్దరూ మాటకు కట్టుబడి కత్తులు దూసుకుంటారు. బళ్లో రోజూ జరిగే తగాదాలన్నీ ఇలాంటివే కాబట్టి పిల్లలకు విడమరిచి చెప్పే పని ఉండదు. చివరికి ఎవరూ చావరు. చిలకమర్తి నాటకాలు ఆడించిన ఇమ్మనేని హనుమంతరావు నాయుడు బడి పంతులే. టంగుటూరి ప్రకాశం గారు చదువుకునే రోజుల్లో వేషాలు వేసింది ఆయన చలవతోనే.

ఏ నాటకమైనా పూర్తిగా వేయడం కుదరదు. రాత్రంతా నడిచే ఆటను ముప్పై, నలభై నిమిషాలకు కుదించాలి. కుదించేటప్పుడు పద్యాలను పరుగెత్తించే కన్నా కొన్నింటిని తీసేయడం మేలు. ఉండాల్సినవాటిలో కందాలు, తేటగీతులు, ఆటవెలదులు కొత్తవాళ్లకు ఇవ్వాలి. మత్తేభం అంటే పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80, ఆపైన రాగం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియకపోతే మూడో పాదానికే పిల్లవాడు చేతులెత్తేస్తాడు. తొమ్మిది, పది తరగతుల్లో గణాలు, యతి ఎలాగూ చెప్పుకుంటారు. మార్కుల కోసం నేర్చుకునే ఆ ఛందస్సు ఎందుకు పనికొస్తుందో పిల్లలకు తెలిసేది ఇక్కడే. పాదం మధ్యలో మాట విరిగే చోటు చూసి పెన్సిలుతో గీత పెట్టిస్తే సగం శిక్షణ అయినట్టే.

పాడేవాళ్లు బొత్తిగా లేరా? అయితే బుర్రకథ. కథకుడి పక్కన వంతలిద్దరు, మాటకు దగ్గరగా ఉండే వరసలు. గొంతు మారుతున్న కుర్రాళ్లకు ఇంత అనువైనది మరొకటి లేదు.

హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. తిరుపతి వేంకట కవుల్లో రెండోవారైన చెళ్లపిళ్ల 1950లో, చిలకమర్తి 1946లో, బలిజేపల్లి 1953లో పోయారు. వీళ్ల నాటకాలు ఇప్పుడు అందరివీ. హరిశ్చంద్రలో చాలామంది కలిపి పాడే జాషువా శ్మశాన పద్యాల సంగతి వేరు. ఆయన 1971లో పోయారు కాబట్టి 2031 చివరి దాకా వాటికి హక్కులున్నాయి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మాత్రమే చూసే బడి ప్రదర్శనకు కాపీరైటు చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. టికెట్లు పెట్టి ఊరందరినీ పిలిచినా, వీడియో యూట్యూబులో పెట్టినా ఆ వెసులుబాటును నమ్ముకోవడానికి లేదు.

నాటకం ఖాయం చేసే ముందు హార్మోనిస్టును కుదుర్చుకోండి. ఆయన చేతికి అలవాటున్న నాటకమేదో అడగండి. పిల్లలకు తగ్గట్టు శ్రుతి దించి వాయించడానికి ఒప్పుకుంటేనే పిలవండి. కొందరు ఒప్పుకోరు. పద్యం తేలిపోతుందంటారు. ఇక ప్రతి పెద్ద వేషానికీ అవే పద్యాలు వచ్చిన రెండో మనిషిని మొదటి రోజు నుంచే తయారు చేయాలి. జనవరిలో కుర్రాడి గొంతు అడ్డం తిరిగితే వేషం తీసేయనక్కర్లేదు. మాటలు వాడివే ఉంచి, పద్యాలు పక్కవాద్యం దగ్గర కూర్చున్న అమ్మాయి చేత పాడించవచ్చు.