ఓడ దిగినను వీడని యూపు

రైలుప్రయాణము చేయనివారు మనలో నరుదు. కాశీయాత్రకో, కుమార్తె పురుటికో పోయి, రెండు రాత్రులు రైలులో గడపి, యిల్లు చేరి పండుకొన్నప్పుడు మంచము మెల్లగా కదలుచున్నట్లు తోచుట మీ యనుభవములోనిదే. ఒక నిద్ర తీసి లేచునప్పటి కది పోవును. కావున దానిని గూర్చి యెవ్వరును రెండవమారు తలంపరు. ఆ కదలికయే మరునాడు పోక, వారము గడచినను పోక, నెలలపర్యంతము నిలిచియుండిన నెట్లుండునో యొక నిమిషము భావింపుడు. నిలుచున్న నేల తూగును. కూర్చున్న పీట తూగును. చూచువారి కన్నులకు మాత్ర మామె నిశ్చలముగనే యుండును. ఇట్టి బాధ యొకటి లోకమున గలదనియు, అది యెక్కువగా స్త్రీలకే, అందులోను నడివయస్సు స్త్రీలకే వచ్చుననియు మనలో పెక్కుమంది యెరుగరు. ఎరుగకపోవుటచే నింటిలో నెంత యన్యాయము జరుగునో నేను కన్నులార చూచితిని గనుక నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

దీనికి ఫ్రెంచివారి భాషలో 'మాల్ ద దెబార్క్‌మా' అని పేరు. ఓడ దిగుటవలన గలిగెడు నస్వస్థత యని యర్థము. ఇంగ్లీషు వైద్యులును ఆ పేరునే వాడుచున్నారు. ఓడలో నుండగా వచ్చు వాంతులు వేరు, ఇది వేరు. వాంతులు సముద్రముమీద వచ్చి యొడ్డు చేరగానే మానును. ఇది సముద్రముమీద దాగియుండి యొడ్డు చేరినపిమ్మట బయలుపడును. ఓడలో నావంతయు తల త్రిప్పక హాయిగా తిరిగినవారికిని రావచ్చును.

సంగతి కొత్తది కాదు. పరిణామవాదముచే ప్రసిద్ధుడైన చార్లెసు డార్వినునకు పితామహుడగు ఎరాస్మసు డార్విను వైద్యుడు. ఆయన 1794లో ప్రకటించిన 'జూనోమియా' యను గ్రంథభాగమున దీనిని ప్రస్తావించెను. చాలకాలము ఓడలో నుండి యొడ్డు చేరినవారికి, పరధ్యానముగ నున్నప్పుడును, నిద్రకును మెలకువకును నడుమను, తామున్న గదియు గదిలోని సామానును ఓడవలె నూగుచున్నట్లు తోచుననియు, తన కదియంతయు స్వానుభవమే యనియు వ్రాసెను. కొన్నిదినములు గుర్రపుబండిలో ప్రయాణము చేసినవారికిని కొంచె మట్లే యుండునట. ఐనను, ఈ యూపు కొందరిని నెలలు, సంవత్సరములు విడువకుండుననియు, దీనిని ప్రత్యేకవ్యాధిగా నెంచవలయుననియు వైద్యలోకము గుర్తించుటకు చాలకాలము పట్టినది. 1987లో బ్రౌను, బేలో అను నమెరికా వైద్యు లిద్దరు ఇట్టి రోగులను గూర్చి వ్రాసినపిమ్మటనే తక్కినవారి దృష్టి దీనిపై ప్రసరించెను.

మన వైద్యగ్రంథములలో 'భ్రమ' యని యొక రోగము చెప్పబడినది. చరకుడు దానిని వాతవికారములలో లెక్కించెను. మాధవనిదానములో దాని లక్షణము శరీరము చక్రమువలె తిరుగుటగా నున్నది. మా తండ్రిగారి సన్నిధిని ఆ భాగము చదువునపుడు కుమ్మరిసారె నుపమానముగా చెప్పియుండిరి. ఓడ దిగినవారి బాధ భ్రమకు దగ్గరి చుట్టమే గాని భ్రమ కాదు. ఇచ్చట లోకము సారెవలె తిరుగదు, ఉయ్యాలవలె నూగును. ఈ భేదము చిన్నదిగ కనబడినను, రోగమును నిర్ణయించుటలో దీనికి మిక్కిలి ప్రాధాన్యము గలదు. 'కళ్లు తిరుగుచున్నవి' అని యొక్కమాటతో తేల్చివేయుట మనకు వాడుక. తిరుగుచున్నవా, ఊగుచున్నవా యని యెవ్వరును అడుగరు.

మా వారి యప్పగారు నెల్లూరిలో నుందురు. వారి కుమారుడు అండమాను దీవులలో నుద్యోగి. 2019వ సంవత్సరము జ్యేష్ఠమాసమున కోడలి సీమంతమునకై, విమానమనిన భయముచే, చెన్నపట్టణమున నోడ యెక్కి పోర్టుబ్లెయిరునకు పోయిరి. (ఆ యూరికి 2024లో శ్రీవిజయపుర మని పేరు మార్చిరి.) పోవుటకు రమారమి మూడు దినములు, వచ్చుటకు మూడు దినములు. వచ్చునప్పటి కాషాఢమాసము, సముద్రము పొంగియుండెను. తోడి స్త్రీలందరు తలలు పట్టుకొని పడియుండగా వదినెగా రొక్కరే లేచి తిరుగుచు వారికి నిమ్మకాయ యూరగాయ పంచిపెట్టిరట. చెన్నపట్టణమున దిగి నెల్లూరికి రైలులో వచ్చువరకును ఏ బాధయు లేదు. ముంగిట కాళ్లు కడుగుకొని గడప దాటగానే కాలిక్రింది బండ పైకి లేచి మరల దిగినట్లైనది.

ప్రయాణపు బడలికయని మొదటి రెండు దినము లెవ్వరును లక్ష్యపెట్టలేదు. పది దినములైనను తగ్గకపోగా వారి యత్తగారు దృష్టి తగిలినదని యుప్పు మిరపకాయలు దిగదుడిచిరి. అందువలన హాని లేదు, లాభమును లేదు. ఊరిలోని డాక్టరొకరు రక్తపుపోటు చూచి, అంతయు బాగుగనే యున్నదనియు, కొడుకును విడిచి వచ్చిన దిగులనియు చెప్పి నిదురమాత్రలు వ్రాసియిచ్చిరి. తరువాత తలకు ఎమ్మారై తీయించిరి. ఏ దోషమును లేదని కాగితము వచ్చెను. మా యన్నయ్యగారు మంచివారే. సంతోషముతో నా కాగితమును వచ్చినవారికెల్ల చూపిరి. అదియే వదినెగారికి విరోధసాక్షి యయ్యెను. రోగము లేదని యంత పెద్ద యంత్రమే చెప్పగా నీమె మాట నమ్ము టెట్లు?

అటుపిమ్మట బంధువులందరు కలిసి బస్సులో పెంచలకోనకు బయలుదేరిరి. బస్సు కదలినదే తడవుగా వదినెగారి ముఖము తేటపడెను. త్రోవ పొడవునను నవ్వుచు మాటలాడుచు నుండిరి. కోనలో దిగి పది యడుగులు వేయకమునుపే స్తంభము పట్టుకొని నిలిచిపోయిరి. వారి తోడికోడలు చూచి, "బస్సులో లేని తూగు దిగగనే యెక్కడినుండి వచ్చెనమ్మా? షికార్లకు లేని జబ్బు వంటయింటికి మాత్రము వచ్చుచున్నది" అనెను. ఆ మాట బంధువుల యిండ్లన్నిటికిని ప్రాకెను. "అందరు నట్లే యనగా నాకే సందేహము వచ్చినది, నేనే నటించుచున్నానేమో యని" అని వదినెగారు తరువాత నాతో చెప్పుకొని దుఃఖించిరి.

ఇచ్చట చదువరులు కొంచెము నిలిచి గమనింపవలెను. ఏది కపటమునకు గురుతని యింటివారు వ్రేలు పెట్టి చూపిరో అదియే యీ వ్యాధికి ముఖ్యలక్షణము. చెవిలోపలి సమతాయంత్రమును శోధించి 1914వ సంవత్సరపు నోబెలు బహుమానము పొందిన రాబర్టు బరానీ పేర నొక వైద్యసంఘము గలదు. ఆ సంఘమువారు 2020లో నీ వ్యాధి నిర్ణయమునకు గురుతులను ప్రకటించిరి. గిరగిర తిరుగుట గాక ఊగుటయో, తూగుటయో, లేచి పడుటయో దినములో నెక్కువభాగము తోచవలెను. ఓడగాని విమానముగాని బండిగాని దిగిన 48 గంటలలో నది మొదలు కావలెను. 48 గంటలకు మించి నిలువవలెను. మరల బండి యెక్కి కదలుచున్నంతసేపు తాత్కాలికముగ తగ్గవలెను. ఈ కడపటి లక్షణమునే తోడికోడలు పెంచలకోనలో కనుగొనినది! రోగనిర్ణయ మామె చేసినది. తీర్పు మాత్రము తారుమారైనది.

కదలిక మానిన చోట కదలిక తోచుటకు కారణ మేమి? చెవి వినుటకు మాత్రమే యేర్పడినది కాదు. లోపలిచెవిలో నొకదానికొకటి యడ్డముగ నమరిన మూడు వంపునాళములు గలవు. వానిలో నీరుండును. తల యెటు తిరిగినను ఆ నీటి కదలికచే మెదడునకు తెలియును. వానిక్రింద రెండు చిన్నతిత్తులును, తిత్తులలో సన్నని సున్నపురేణువులును ఉండును. మనము ముందుకు సాగుటయు, మీదికి లేచుటయు, క్రిందు మీదు లెరుగుటయు వానివలన. ఈ చెవి చెప్పు సమాచారమును, కన్ను చెప్పునదియు, అరికాలు చెప్పునదియు కలిపి చూచుకొని మెదడు మనలను నిలబెట్టుచుండును. ఓడలో మూడు దినములుండగా, అలల లయను మెదడు నేర్చుకొనును. బిందె చంకనెత్తుకొన్న స్త్రీ తనకు తెలియకయే మేను రెండవ ప్రక్కకు వంచునట్లు, అది ప్రతి యూపునకును ముందుగనే సర్దుకొనుచుండును. బిందె దించినపిమ్మట గూడ వంపు పోకున్న నెట్లో యీ వ్యాధి యట్లని వైద్యులు తలంచుచున్నారు. చెవి చెడలేదు, మెదడు చెడలేదు. నేర్చినదానిని మరచుట మాత్రము జరుగలేదు. కావుననే యెమ్మారైలో నేమియు కనబడదు. బండి యెక్కినప్పుడు, నేర్చినదానికి తగిన కదలిక దొరకును గనుక నూరట గలుగును.

వదినెగారిని కడపట చెన్నపట్టణములోని యొక చెవివైద్యునికడకు గొనిపోయిరి. ఆయన యన్ని పరీక్షలకన్న ముందుగా, "బండిలో కూర్చున్నప్పు డెట్లుండునమ్మా?" అని యడిగెనట. నేరము నొప్పుకొనుదానివలె తల వంచుకొని "బాగుగనే యుండును" అని వదినెగారు చెప్పిరి. ఆయన రోగము పేరు చెప్పి, ఇది ప్రాణాపాయము కాదనియు, కల్పితమును కాదనియు భర్త వినుచుండగా చెప్పెను. వదినెగా రచ్చటనే యేడ్చిరట.

ఓడ దిగినవారిలో చాలమందికి ఈ యూపు కొన్ని గంటలలో, మహా యైన రెండు దినములలో పోవును. కొందరికి నెలలోపల తగ్గును. నెల దాటినదానిని వైద్యులు స్థిరపడినదిగా నెంతురు. అట్టిదియు నెలల మీద తగ్గవచ్చును. కొందరికి సంవత్సరములు పట్టును. పార్శ్వపు తలనొప్పి గలవారిలో నిది తరచుగ కనబడుచున్నది. ఓడవాంతుల మాత్రలు దీనికి పనిచేయవు. కొందరికి డాక్టర్లు క్లొనజెపాము వంటి మందు స్వల్పముగ నిత్తురు. అది యలవాటు పడునది గనుక స్వంతముగ కొని మ్రింగరాదు. దిగులునకు వాడు మందులును కొందరికి గుణమిచ్చుచున్నవి. అవి వ్రాసినంతమాత్రమున పిచ్చియని డాక్టరనినట్లు కాదు. న్యూయార్కు నగరమందలి మౌంట్ సైనాయి వైద్యశాలలో మింగ్‌జియా దాయి, బెర్నార్డు కోహెను మొదలగువారు వేరొక మార్గము కనిపెట్టిరి. రోగి చుట్టును చారల తెరను మెల్లగా తిరుగనిచ్చి, దానిని చూచుచుండగా రోగి తలను ప్రక్కలకు లయగా నూపుదురు. నేర్చినదానిని మెదడుచే మరపించుటకే యీ ప్రయత్నము. 2014లో వారు ప్రకటించిన లెక్కలో 24 మందిలో 17 మందికి పూర్తిగనో, చాలవరకో నయమైనది. ఆరుగురికి తగ్గి మరల వచ్చినది. ఒకరికి గుణమే కలుగలేదు.

ఇంటిలో మనము చేయగలిగినది కొంత గలదు. మంచము పట్టి పడియుండుట మంచిది కాదు. కదలక పడియుండిన నూపే యెక్కువగ తెలియును. తెల్లవారుజామున చదునైన బాటమీద, దూరపు చెట్టునో గోపురమునో చూచుచు నడచుట మేలు. నిద్ర తప్పినను, మనస్సు కలగినను తూగు హెచ్చును. కావున రాత్రి మేలుకొని యుపచారములు చేయుపని యట్టి స్త్రీమీద పెట్టరాదు. వదినెగారు నూనె మూకుడు దగ్గర నిలుచుట మానుకొని, కూరలు తరుగుట, పప్పు లేరుట మొదలగు కూర్చుండి చేయు పనులు తీసికొనిరి. స్నానాలగదిలో నొక కొయ్యముక్క పట్టుకొనుటకు బిగించుకొనిరి. అటుకెక్కుట, తడిమెట్లు దిగుట మానిరి. సెల్‌ఫోను తెరమీద బొమ్మలు పరుగెత్తునట్లు త్రిప్పుచుండుట వారికి పడలేదు. నాకు చూడగా నది రోగము లేనివారికిని పడదు.

అయితే, ప్రతి తలతిరుగుడును ఓడ నెపమున త్రోసిపుచ్చరాదు. మాట తడబడుట, ఒక ప్రక్క కాలుచేతులు పట్టు దప్పుట, మూతి వంకరపోవుట, ఒక వస్తువు రెండుగ కనబడుట, హఠాత్తుగ భరింపరాని తలనొప్పి వచ్చుట, చెవి వినబడకపోవుట, ఇందులో నేదియైన నున్నచో క్షణమాలసింపక పెద్దాసుపత్రికి పోవలెను. మన స్త్రీలలో రక్తహీనత మెండు; అదియు కళ్లు తిరుగునట్లు చేయును గనుక రక్తపరీక్ష ముందుగనే చేయించుట యుచితము.

వదినెగారి తూగు అయిదు నెలలలో పోయినది. ఎప్పుడు పోయినదో వారికే తెలియదు. కార్తికమాసమున నొకనాటి సాయంకాలము తులసికోటవద్ద దీపము పెట్టుచు, వత్తి నిలకడగా వెలుగుచున్నదని గమనించిరట. ఆ తరువాత మనుమని యన్నప్రాశనమునకు మరల అండమానునకు పోవలసివచ్చినది. ఒకసారి వచ్చినవారికి ప్రయాణముతో మరల వచ్చుట కలదని డాక్టరు ముందుగనే హెచ్చరించియుండెను. ఐనను పోవుట మానలేదు. భయము విడిచి విమానమెక్కి రెండు గంటలలో దిగిరి. తిరిగి వచ్చినపిమ్మట నేల కొంచెము తూగినది. ఈమారు దాని పేరు వారికి తెలియును, ఇంటివారికిని తెలియును. మూడవనాటి కది సర్దుకొన్నది. ఆ మూడు దినములును వంట తోడికోడలే చేసినది.