మీకు తెలుసా? చిన్న గాటులోంచి పొడవాటి సిర

గుండె బైపాస్ శస్త్రచికిత్సకు కావలసిన పొడవాటి కాలి సిరను, కాలు పొడవునా కోయకుండా, మోకాలి దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల గాటులోంచే బయటికి తీయవచ్చు. కెమెరా అమర్చిన సన్నని గొట్టమైన ఎండోస్కోప్‌ను చర్మం కిందికి పంపి, కార్బన్ డయాక్సైడ్‌తో సిర చుట్టూ చోటు కల్పించి, దాని పక్క కొమ్మలను వేడితో మూసి కత్తిరిస్తారు. ఈ క్రమంలో సిర లోపలి పొర దెబ్బతిని, గుండెకు అతికించాక అది త్వరగా మూసుకుపోతుందేమోనన్న భయం వైద్యులకు ఉండేది. అది తేలిగ్గా కొట్టివేయదగిన సందేహం కాదు. అయితే అమెరికాలో 1,150 మందిపై జరిగి 2019లో వెలువడిన ‘రీగ్రూప్’ అధ్యయనంలో మరణం, గుండెపోటు, మళ్లీ రక్తనాళ చికిత్స వంటి పరిణామాల్లో పెద్ద కోత, చిన్న గాటు పద్ధతుల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాలి గాయానికి ఇన్ఫెక్షన్ మాత్రం పెద్ద కోతలో 3.1 శాతం, చిన్న గాటులో 1.4 శాతం. అయితే ఆ అధ్యయనంలో సిరలను తీసినవారంతా ఈ పనిలో బాగా చెయ్యి తిరిగినవారే.