తెలుగు పాఠములలో వెబ్ చిరునామాలు: అన్వేషణము, ఆదేశము

అంతర్జాలమునుండి సేకరించిన పాఠములు నేడు భాషాపరిశోధనకు ఆధారములగుచున్నవి. వానిలో వెబ్ చిరునామాలు విరివిగా నుండును. పదముల లెక్కకును, విభక్తుల పరిశీలనకును అవి అడ్డు. అయినను, వానిని తొలగించు తీరు సరికానిచో మన లెక్కయే తప్పును.

ఇందులకు సాధనము రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అనగా, అక్షరముల వరుస యెట్లుండవలెనో తెలుపు సూత్రము. దీని గణితమూలమును స్టీఫెన్ క్లీనీ 1956లో ప్రకటించెను. కంప్యూటరుతో పాఠమును వెదకుటకు దీనిని వినియోగించు పద్ధతిని 1968లో కెన్ థామ్సన్ వివరించెను.

సామాన్యముగా వ్రాయు సూత్రమిది: 'హెచ్‌టిటిపి' అను ఆంగ్లాక్షరములు, వికల్పముగ 'ఎస్', పిమ్మట '://', అటుపై ఖాళీ వచ్చువరకు గల సమస్తము. ఆంగ్లమున నిది చాలవరకు చెల్లును. తెలుగువారో, చిరునామాకు 'లో', 'ను', 'నుండి' మొదలగువానిని ఎడము లేక చేర్చి వ్రాయుదురు. కావున చిరునామాతోపాటు ప్రత్యయమును మాయమగును. విభక్తులను లెక్కించువారికి ఇది చిన్న నష్టము కాదు.

కావున ఎచ్చట ఆగవలెనో చెప్పుటకంటె, ఏయే గుర్తులు చెల్లునో చెప్పుట మేలు. 2005 నాటి ఆర్.ఎఫ్.సి. 3986 ప్రకారము చిరునామాలో చెల్లునవి ఆంగ్లాక్షరములు, అంకెలు, కొన్ని చిహ్నములు మాత్రమే. వీనిని చదరపు కుండలీకరణములలో [ ] చేర్చి, '+' గుర్తుతో ఆవృత్తిని తెలిపినచో, అన్వేషణము మొదటి తెలుగక్షరముకడనే ఆగును. వాక్యాంతబిందువు చిరునామాలో చేరకుండుటకు, కడపటి గుర్తు అక్షరముగాని, అంకెగాని, '/' గాని కావలెనని నియమింపవలెను. యంత్రము తొలుత బిందువును గైకొన్నను, ఈ నియమము పొసగక ఒక యడుగు వెనుకకు వచ్చును.

ఇక తొలగించుట. వ్యాకరణ పరిభాషలో, ఇచ్చట కావలసినది లోపము కాదు, ఆదేశము. చిరునామాను తుడిచివేసినచో 'లో' నిరాధారమై మిగులును. దాని స్థానమున '<చిరునామా>' అను గుర్తు నుంచినచో '<చిరునామా>లో' అని ప్రకృతిప్రత్యయ సంబంధము నిలుచును.

ఈ సూత్రమునకు ఒక పరిమితి కలదు. తెలుగు వికీపీడియా వ్యాసముల చిరునామాలలో శీర్షికలు తెలుగులిపిలో నుండును. అవి '%' గుర్తుతో సంకేతీకృతములైనచో, ఒక్కొక్క యూనికోడ్ సంకేతము తొమ్మిది గుర్తులై సూత్రమునకు లోబడును. తెలుగులిపిలోనే యున్నచో సూత్రము నడుమనే ఆగును. '.భారత్' అను తెలుగు కొసగల చిరునామాల గతియు నిదియే. అచ్చట శీర్షిక యేదో, ప్రత్యయమేదో లిపి చెప్పజాలదు, చదువరియే నిర్ణయింపవలెను.

కావున మూలప్రతిని భద్రపరచి, ముందు అన్వేషణము మాత్రమే జరిపి, దొరికినవానిని వరుసగా చూచి, పిదపనే ఆదేశమునకు పూనుకొనుట పరిశోధకులకు శ్రేయస్కరమని మా యభిప్రాయము.