మార్కులు సగటే.. న్యాయవృత్తికి అడ్డు కాదు

మాదాపూర్‌: హైటెక్‌ సిటీ అనగానే సాఫ్ట్‌వేర్‌ కొలువులే గుర్తుకొస్తాయి. 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్‌ బిహారీ వాజపేయి సైబర్‌ టవర్స్‌ను ప్రారంభించినప్పటి నుంచి ఈ ప్రాంతానిది అదే గుర్తింపు. అయితే ఇక్కడి సంస్థల్లో ప్రోగ్రాములతో పాటు ఒప్పందాలు కూడా రాయాల్సి ఉంటుంది. విదేశీ ఖాతాదారుతో సేవా ఒప్పందం, ఉద్యోగి నియామక పత్రం, భవన యజమానితో లీజు, వినియోగదారుల సమాచార గోప్యతా విధానం.. వీటన్నింటి వెనుక న్యాయ పట్టభద్రుల శ్రమ ఉంటుంది. ఆ వైపు వెళ్లాలన్న కోరిక ఉన్నా, డిగ్రీలో యాభై శాతం మార్కులతో గట్టెక్కిన పలువురు ‘మనకు లా ఎందుకులే’ అని వెనుకంజ వేస్తుంటారు. నిబంధనలను పరిశీలిస్తే మార్కుల గడప అంత ఎత్తుగా లేదని తెలుస్తుంది. దారి ఎంపికలో చేసే పొరపాటే విలువైన ఏళ్లను మింగేస్తుంది.

సొలిసిటర్‌ అంటే ఎవరు?

ఇంగ్లాండులో కక్షిదారుకు సలహా ఇచ్చి, పత్రాలు సిద్ధం చేసే న్యాయవాదిని సొలిసిటర్‌ అంటారు. ఉన్నత న్యాయస్థానాల్లో వాదించేవారు ప్రధానంగా బారిస్టర్లు. మన దేశంలో 1961 నాటి న్యాయవాదుల చట్టం అందరినీ ‘అడ్వకేట్‌’ అన్న ఒకే గొడుగు కిందకు తెచ్చింది. ముంబయిలో మాత్రం బాంబే ఇన్‌కార్పొరేటెడ్‌ లా సొసైటీ నేటికీ సొలిసిటర్‌ పరీక్ష నిర్వహిస్తోంది. హైదరాబాదులో ఆ పేరుతో ప్రత్యేక హోదా లేదు. సొలిసిటర్‌ తరహా పనిని ఇక్కడ న్యాయ సంస్థల్లోని అడ్వకేట్లు, కంపెనీల న్యాయ విభాగాల ఉద్యోగులు చేస్తున్నారు.

ప్రవేశానికి ఎన్ని మార్కులు కావాలి?

బార్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా 2008లో రూపొందించిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో 45 శాతం మార్కులు ఉండాలి. వెనుకబడిన తరగతుల వారికి 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. ఇంటర్‌ తర్వాత చదివే అయిదేళ్ల కోర్సుకూ ఇవే కనీస మార్కులు.

తెలంగాణలో ప్రవేశాలకు లాసెట్‌ రాయాలి. 120 ప్రశ్నలకు 90 నిమిషాల్లో సమాధానాలు గుర్తించాలి. జనరల్‌ నాలెడ్జ్‌, మెంటల్‌ ఎబిలిటీకి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయ విద్యాభిరుచికి 60 మార్కులు కేటాయించారు. అర్హత మార్కులు 42. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. ర్యాంకు కేటాయింపులో డిగ్రీ మార్కులకు వెయిటేజీ లేదన్నది ఇక్కడ కీలకం. 46 శాతంతో డిగ్రీ పూర్తిచేసిన అభ్యర్థి, 86 శాతం వచ్చిన అభ్యర్థి పరీక్ష హాలులో సమానమే. సగం మార్కులు మూడో భాగానివే కాబట్టి రాజ్యాంగం, న్యాయ సూత్రాలపై పట్టు సాధించిన వారికి మంచి ర్యాంకు దక్కే అవకాశం ఎక్కువ.

ఉద్యోగం చేస్తూ చదవవచ్చా?

ఐటీ ఉద్యోగులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘కళాశాలకు రానక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలు’ అనే మాటలు నమ్మి చేరేవారు తర్వాత చిక్కుల్లో పడతారు. దూరవిద్యలో చదివిన ఎల్‌ఎల్‌బీతో న్యాయవాదిగా నమోదు కావడం కుదరదు. రెగ్యులర్‌ కోర్సులో ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. అసాధారణ పరిస్థితుల్లో మాత్రమే 65 శాతం వరకు సడలింపునిస్తారు. తరగతులు ఉదయం 8 నుంచి రాత్రి 7 గంటల మధ్యే జరగాలన్నది నిబంధన. విద్యార్థులు తమ ఉద్యోగ వివరాలు వెల్లడించి, యాజమాన్యం నుంచి నిరభ్యంతర పత్రం సమర్పించేలా చూడాలని, బయోమెట్రిక్‌ హాజరు అమలు చేయాలని 2024 సెప్టెంబరులో బార్‌ కౌన్సిల్‌ కళాశాలలను ఆదేశించింది.

రాత్రి షిఫ్టులో పనిచేసి ఉదయం తరగతులకు వెళ్లగలిగినవారు యాజమాన్యం అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అది సాధ్యం కానివారు మూడేళ్ల ఖర్చులకు సరిపడా పొదుపు చేసుకున్నాకే చేరడం మేలు. డిగ్రీ విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. పది, ఇంటర్‌ చదవకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసినవారిని న్యాయవిద్య నిబంధనలు అనర్హులుగా పేర్కొంటున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు, రుసుము చెల్లించే ముందే ఈ వివరాలను సరిచూసుకోవాలి.

లోటును పూడ్చేది అనుభవమే

మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, అయిదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్‌ చేయాలి. ఏడాదిలో వరుసగా నాలుగు వారాలకు మించి చేయరాదు. ఒక్కసారైనా ట్రయల్‌, అప్పీలు న్యాయవాదుల వద్ద పనిచేసి ఉండాలి. దీన్ని సంతకం కోసం చేసే మొక్కుబడి తంతుగా భావించరాదు. మార్కుల జాబితా సాధారణంగా ఉన్న అభ్యర్థికి తన పనితనం చూపించే తొలి వేదిక ఇదే. ఒక విడత ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో, మరో విడత నాగోలు సమీపంలోని బండ్లగూడలో కంపెనీ లా ట్రైబ్యునల్‌ ఎదుట వాదించే న్యాయవాది వద్ద, ఇంకో విడత ఏదైనా సంస్థ న్యాయ విభాగంలో చేస్తే మూడు రకాల పని తెలుస్తుంది. తాను సిద్ధం చేసిన నోటీసులు, ఒప్పంద ముసాయిదాల నకళ్లను కక్షిదారుల వివరాలు తొలగించి, సీనియర్‌ అనుమతితో దాచుకుంటే ఇంటర్వ్యూలో అవే సాక్ష్యం పలుకుతాయి.

కొత్త చట్టాలు.. కొత్త అవకాశాలు

వ్యక్తిగత డిజిటల్‌ సమాచార రక్షణ చట్టం 2023లో రాగా, నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. మూడు కొత్త నేర చట్టాలు 2024 జులై 1 నుంచి అమలవుతున్నాయి. పాతికేళ్ల అనుభవం ఉన్న న్యాయవాదికీ, నిన్న పట్టా పుచ్చుకున్నవారికీ ఇవి కొత్త పాఠాలే. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని క్షుణ్ణంగా చదివితే మార్కుల ప్రస్తావన వెనక్కి పోతుంది. సర్వర్లలో సమాచారం ఎక్కడ నిల్వ ఉంటుందో, ఎవరి చేతుల మీదుగా సాగుతుందో తెలిసిన సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగికి సమాచార రక్షణ చట్టం ఇట్టే అర్థమవుతుంది.

సైన్స్‌, ఇంజినీరింగ్‌ పట్టభద్రులకు మరో మార్గమూ ఉంది. 21 ఏళ్లు నిండిన భారతీయులు లా చదవకుండానే పేటెంట్‌ ఏజెంట్‌ అర్హత పరీక్ష రాయవచ్చు. రెండు పేపర్లలో 50 చొప్పున, మౌఖిక పరీక్షతో కలిపి మొత్తం మీద 60 శాతం మార్కులు రావాలి. ఈ పరీక్ష ఏటా క్రమం తప్పకుండా జరగదు కనుక ప్రకటనల కోసం కనిపెట్టుకుని ఉండాలి.

పట్టా చేతికందాక..

రాష్ట్ర బార్‌ కౌన్సిల్‌లో నమోదుకు చట్టం నిర్దేశించిన రుసుము 750 రూపాయలే. ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. అంతకు మించి నమోదు రుసుము వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పునిచ్చింది. అనంతరం అఖిల భారత బార్‌ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. వంద ప్రశ్నలకు 45 మార్కులు వస్తే చాలు. ఎస్సీ, ఎస్టీలకు 40. వ్యాఖ్యలు లేని చట్ట ప్రతులను వెంట తీసుకెళ్లవచ్చు.

కంపెనీల్లో చేరేవారు మరో నిబంధనను గుర్తుంచుకోవాలి. పూర్తికాలపు జీతం తీసుకునే వ్యక్తి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదు. ఉద్యోగంలో చేరగానే ఆ విషయం బార్‌ కౌన్సిల్‌కు తెలిపి ప్రాక్టీసు నిలిపివేయాలి. కొలువు వదిలాక తిరిగి ప్రారంభించవచ్చు.

లండన్‌ దారి

ఇంగ్లాండులో 2021 సెప్టెంబరు నుంచి సొలిసిటర్‌ అర్హతకు ఎస్‌క్యూఈ విధానం అమల్లోకి వచ్చింది. ఏదైనా డిగ్రీ లేదా తత్సమాన అర్హత, రెండు దశల పరీక్షలు, రెండేళ్ల న్యాయ అనుభవం, సత్ప్రవర్తన ఉండాలి. డిగ్రీలో ఇన్ని మార్కులు రావాలన్న షరతు లేదు. గరిష్ఠంగా నాలుగు సంస్థల్లో గడించిన అనుభవాన్ని కలిపి లెక్కిస్తారు. విదేశాల్లో చేసిన పనికీ గుర్తింపు ఉంటుంది కానీ, దాన్ని ఇంగ్లాండు, వేల్స్‌ సొలిసిటర్‌ ధ్రువీకరించాలి. మన దేశంలో న్యాయవాదిగా అర్హత పొందినవారికి ఈ రెండేళ్ల అనుభవం అవసరం లేదు. అయితే పరీక్షల రుసుమే 4,500 పౌండ్లు దాటుతుంది. ఉత్తీర్ణత సాధించినంత మాత్రాన వీసా, ఉద్యోగం వస్తాయన్న హామీ లేదు. అక్కడి పెద్ద సంస్థలు శిక్షణార్థుల డిగ్రీ శ్రేణిని చూస్తాయి. ఇంట గెలిచి రచ్చ గెలవడమే సగటు అభ్యర్థికి శ్రేయస్కరం.

డిగ్రీ మార్కులను ఇక ఎవరూ మార్చలేరు. ఏ కళాశాలలో చేరాలి, తరగతులకు ఎన్ని రోజులు హాజరు కావాలి, ఇంటర్న్‌షిప్‌ ఎవరి వద్ద చేయాలి, ఏ చట్టాన్ని లోతుగా చదవాలి అన్నవి మాత్రం అభ్యర్థి చేతిలోనే ఉన్నాయి.