భారీ జాతి కుక్కకు ప్రాథమిక ఆజ్ఞలు నేర్పడం: అభ్యసన సూత్రాల అనువర్తన

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కార్యసాధక నిబంధన సూత్రాలను పెంపుడు కుక్క శిక్షణకు అనువర్తించగలుగుతారు.
• భారీ జాతి కుక్క విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించగలుగుతారు.

1. పరిచయం

ఒక ప్రవర్తన తరువాత మేలైన ఫలితం లభిస్తే ఆ ప్రవర్తన మళ్ళీ జరిగే అవకాశం పెరుగుతుందని ఇంతకుముందు తెలుసుకున్నారు. దీనినే స్కిన్నర్ పునర్బలనం అన్నాడు. ఈ సూత్రం మన ఇంట్లోని కుక్కకూ వర్తిస్తుంది.

జర్మనీలో రూపొందిన గ్రేట్ డేన్ జాతిని ఉదాహరణగా తీసుకుందాం. ఎదిగిన మగ కుక్క భుజం వద్ద సుమారు 80 సెం.మీ. ఎత్తు, 60 కిలోలకు పైగా బరువు ఉంటుంది. రెండు నెలల పిల్ల మోకాళ్ళ మీదకు కాళ్ళు ఎత్తితే ముద్దుగా ఉందని నిమురుతాం. ఆ నిమరడమే పునర్బలనం. ఏడాది తిరిగేసరికి అవే కాళ్ళు మనిషి భుజాలను అందుకుంటాయి. ఇంట్లోని అమ్మమ్మ కింద పడి తుంటి ఎముక విరగవచ్చు. ఇందులో కుక్క తప్పేమీ లేదు. మనం నేర్పినదే అది చేసింది. అందువల్ల శిక్షణను చేతితో ఎత్తుకోగల వయసులోనే ప్రారంభించాలి.

2. నాలుగు ఆజ్ఞలు

"కూర్చో": చిన్న తిండి ముక్కను కుక్క ముక్కు దగ్గర పట్టుకొని మెల్లగా తల మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తే నడుము దానంతటదే కిందికి దిగుతుంది. కూర్చున్న క్షణంలోనే "భేష్" అని ముక్క ఇవ్వండి. ఆలస్యమైతే అది లేచి నిలబడినందుకు బహుమతి ఇచ్చినట్లవుతుంది. నడుమును చేతితో అదిమి కూర్చోబెట్టకూడదు. కీళ్ళు ఇంకా ఎదుగుతుంటాయి. నున్నని టైల్స్ మీద కాళ్ళు జారతాయి కనుక గోనెపట్టా పరవండి.

"ఆగు": మొదట ఒక్క సెకను, తరువాత మూడు, ఆపైన మీరు ఒక అడుగు వెనక్కి వేసి ఆపండి. లక్ష్యాన్ని ఇలా చిన్న మెట్లుగా విడగొట్టడం మీకు తెలిసిన రూపకల్పన పద్ధతే.

"రా": వచ్చిన ప్రతిసారీ మెచ్చుకోండి. పిలిచి తిడితే రావడమనే ప్రవర్తననే శిక్షించినట్లవుతుంది.

"మెల్లగా": గొలుసు బిగుసుకోగానే నిలబడిపోండి, వదులైతేనే ముందుకు నడవండి. ఇక్కడ ముందుకు సాగడమే బహుమతి. తొందరలో ఉన్నామని ఒక్కోసారి లాగనిస్తే అది పాక్షిక పునర్బలనమై, ఆ అలవాటు మరింత గట్టిపడుతుంది.

ఆజ్ఞ ఏ భాషలో ఉన్నా ఫరవాలేదు. అయితే నాన్న "సిట్" అని, పిల్లలు "కూర్చో" అని, అమ్మ "కిందికి" అని అంటే కుక్కకు ఏ సంకేతమూ స్థిరపడదు. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి.

3. జాగ్రత్తలు

• ఒక్కో పాఠం ఐదు నిమిషాలు చాలు. రోజుకు రెండు, మూడుసార్లు.
• ఈ జాతికి కడుపు ఉబ్బి మెలిపడే ప్రాణాపాయం ఎక్కువ. కడుపునిండా తిన్న వెంటనే శిక్షణ ఇవ్వకండి. భోజనానికి ముందైతే ఆకలి వల్ల తిండి ముక్కకు విలువ కూడా పెరుగుతుంది.
• ఎముకల ఎదుగుదలకు సుమారు ఏడాదిన్నర పడుతుంది. అంతవరకు ఎత్తుల నుంచి దూకించవద్దు.
• వేసవిలో తెల్లవారుజామునే నేర్పండి.

4. కొడితే వినదా?

కొట్టడం వల్ల ప్రవర్తన అప్పటికి ఆగవచ్చు. కానీ శాస్త్రీయ నిబంధన ప్రకారం నొప్పితో పాటు కొట్టిన చేయి కూడా భయ సంకేతమవుతుంది. తరువాత ప్రేమగా చేయి చాచిన పిల్లవాడిని చూసినా కుక్క బెదరవచ్చు, కరవవచ్చు. 60 కిలోల జంతువులో భయం ఇంటికంతటికీ ప్రమాదం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అతిథి మీదకు ఎగిరే కుక్క విషయంలో పునర్బలనం ఏది? దానిని ఎలా ఆపుతారు?
2. ఇంట్లో "కూర్చో" అంటే కూర్చునే కుక్క వీధిలో వినకపోవడాన్ని సాధారణీకరణ భావనతో వివరించండి.