64 × 54: ఒక ఇంజను వంశం, రాణిగంజ్ లెక్క

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగుల కొట్టుకు వెళ్లి బండి పేరు చెబితే కౌంటరు వెనకున్నాయన వినడు. "పేరెందుకన్నా, నంబర్ జెప్పు" అంటాడు. ఊడదీసిన పాత బేరింగు అంచు మీది గ్రీజు తుడిచి చూస్తే 6205 అనో మరొకటో చెక్కి ఉంటుంది. ఆ చివరి రెండంకెలు 04 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, వాటిని 5తో గుణిస్తే లోపలి రంధ్రం వ్యాసం వస్తుంది. 05ని 5తో గుణిస్తే 25 మిల్లీమీటర్లు. 6205కి బయటి వ్యాసం 52, మందం 15. జపాన్‌లో చేసినా, జర్మనీలో చేసినా, పుణెలో చేసినా ఈ మూడు కొలతలూ మారవు. అది నీళ్ల మోటారులోంచి వచ్చిందో, పిండిమరలోంచి వచ్చిందో, ఇసుక దిబ్బలెక్కే నాలుగు చక్రాల రేసు బండిలోంచి వచ్చిందో ఆయనకు అనవసరం.

ఆ నాలుగు చక్రాల బండి సంగతే ఇప్పుడు చెప్పబోయేది. లావుపాటి టైర్లు, మోటారు సైకిల్ హ్యాండిలు, కాళ్లు చెరోపక్క వేసి కూర్చునే సీటు. క్వాడ్ బైక్ అంటే మనవాళ్లలో చాలామందికి శామీర్‌పేట, మేడ్చల్ వైపు రిసార్టుల్లో గుండ్రంగా తిరిగే అద్దె బండే. కానీ దానికీ ఒక రేసు వంశం ఉంది. 1970లో హోండా మూడు చక్రాల ఏటీసీ-90 తెచ్చింది. ఆ తరహా బండ్లు మలుపుల్లో తిరగబడి మనుషుల ప్రాణాలు తీయడంతో, 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు అమెరికాలో వాటి అమ్మకం ఆపేశాయి. ఈలోగా సుజుకి నాలుగో చక్రం చేర్చింది, 1985లో ఎల్‌టీ250ఆర్ అనే బండిని పందేలకే తయారుచేసింది. మరుసటేడు హోండా టీఆర్‌ఎక్స్250ఆర్ వచ్చింది. 1987లో యమహా బాన్షీ దిగింది. సుజుకి, హోండా బండ్లకు ఒకే సిలిండరు, బాన్షీకి రెండు. కాలిఫోర్నియా ఇసుక దిబ్బల్లో దాని కూత వినగానే మిగతా బండ్లవాళ్లు పక్కకు జరిగేవారట.

బాన్షీ కొత్తదే గానీ అందులోని ఇంజను కొత్తది కాదు. 1970లో యమహా ఆర్5 అనే మోటారు సైకిల్‌కు 64 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 54 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) పెట్టింది. రెండు సిలిండర్లూ కలిపి 347 సీసీ. 1973లో అదే కొలతతో, కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య రీడ్ వాల్వు చేర్చి ఆర్‌డీ350 చేసింది. లోపలికి మాత్రమే తెరుచుకునే ఈ పల్చటి రేకుల వల్ల మిశ్రమం వెనక్కి తన్నదు. 1980లో సిలిండర్ల చుట్టూ నీళ్లు తిప్పి ఆర్‌డీ350ఎల్‌సీ అంది. ఆ నీళ్ల ఇంజను వారసుడే బాన్షీలో కూర్చుంది. ఈ పదిహేడేళ్లలో అన్నీ మారాయి గానీ 64, 54 అన్న రెండంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. అమెరికాలో బాన్షీ 2006 వరకూ అమ్ముడుపోయింది.

బాన్షీని మన దేశంలో అమ్మలేదు. కానీ దాని అన్నగారు 1983లోనే ఫరీదాబాద్‌లో పుట్టాడు. ఎస్కార్ట్స్ కంపెనీ గాలితో చల్లబడే ఆర్‌డీ350ని రాజ్‌దూత్ 350 పేరుతో తయారుచేసింది. జపాన్ బండి 39 హార్స్‌పవర్ ఇచ్చేది. మనకు పెట్రోలు ఖర్చు కదా! అందుకని దాని గొంతు నొక్కి హైటార్క్ రకానికి 30.5, లోటార్క్ రకానికి 27 దగ్గర ఆపారు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు తీసేసి డ్రమ్ము పెట్టారు. అంతచేసినా మైలేజీ భయంతో జనం ముందుకు రాలేదు. 1990 ప్రాంతానికల్లా కథ ముగిసింది. దాని చిన్న తమ్ముడు, 1985లో వచ్చిన 98 సీసీ ఆర్‌ఎక్స్100, ఊరూరా తిరిగింది. అందుకే ఈరోజుకీ ఆర్‌ఎక్స్‌కు సామాను దొరుకుతుంది, 350కి వెతుక్కోవాలి. ఒక బండి ఎంత గొప్పదన్నది దాని విడిభాగాల భవిష్యత్తును తేల్చదు. ఎన్ని అమ్ముడుపోయాయన్నదే తేలుస్తుంది.

లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు, తిరుమలగిరిలో సైన్యానికి మరమ్మతు విద్య నేర్పే ఈఎంఈ కాలేజీ ఉన్న ఊరు సికింద్రాబాద్. పాత యంత్రాన్ని విప్పి మళ్లీ బిగించడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. రాజ్‌దూత్ 350 ఇంజను నాలుగుసార్లు విప్పిన మేస్త్రీ ముందు బాన్షీ ఇంజను పెడితే, ఎన్నడూ చూడకపోయినా, అరగంటలో బోధపడుతుంది.

ఇలాంటి బండి చేతికి రాగానే కుర్రాళ్ల మనసు ముందు సైలెన్సర్ మీదికి పోతుంది. అందులో తప్పు లేదు. ఇలాంటి టూ-స్ట్రోక్ ఇంజన్లో సైలెన్సర్ ఉన్నది శబ్దం తగ్గించడానికి మాత్రమే కాదు, అది ఇంజన్లో కదలని భాగం. వీటికి ఫోర్-స్ట్రోక్‌కు ఉన్నట్టు తలమీద వాల్వులుండవు. పిస్టన్ కిందికి జారుతూ ముందు పొగదారిని, వెంటనే కొత్త మిశ్రమం వచ్చే దారుల్నీ తెరుస్తుంది. కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. ఆ కాస్సేపట్లో తాజా పెట్రోలు కొంత కాలకుండానే బయటికి జారుకుంటుంది. దాన్ని తిరిగి లోపలికి నెట్టాలంటే బావిలో అరిచిన కేక తిరిగొచ్చినట్టు, పొగతో పుట్టిన ఒత్తిడి కెరటం సరిగ్గా వేళకు వెనక్కి రావాలి. సైలెన్సర్ మొదట వెడల్పయ్యే శంకువు సిలిండర్లోంచి పొగను లాగే కెరటాన్ని పంపుతుంది. చివర ఇరుకయ్యే శంకువు జారిపోతున్న పెట్రోలును వెనక్కి తోసే కెరటాన్ని పంపుతుంది.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 7,500 చుట్లు తిరిగే ఇంజనుకు ఒక్క చుట్టు 8 మిల్లీసెకన్లు. పొగదారి 190 డిగ్రీల పాటు తెరిచి ఉంటే, అది సుమారు 4.2 మిల్లీసెకన్లు. వేడి పొగలో శబ్దం సెకనుకు 500 మీటర్ల చొప్పున పోతుందనుకుంటే, ఆ వ్యవధిలో 2.1 మీటర్లు నడుస్తుంది. పోయి రావాలి కాబట్టి గొట్టం పొడవు అందులో సగం, మీటరు పైచిలుకు. ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు కెరటం తొందరపడి వచ్చి పని చెడగొడుతుంది. ఈ బండ్లు కింది చుట్లలో మొద్దుగా ఉండి, ఉన్నట్టుండి పికప్ అందుకోవడానికి కారణం అదే. ఈ కెరటాల్ని మచ్చిక చేసుకున్నవాడు తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఆయన జట్టులోని రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పందెం నుంచి పశ్చిమానికి పారిపోయి, ఆ విద్య పట్టుకుని సుజుకిలో చేరాడు. మరుసటేడే 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు. జపాన్ టూ-స్ట్రోక్ వైభవంలో కొంత ఇలా సరిహద్దు దాటి వచ్చిన సరుకే.

ఇక గ్రైండరు పట్టుకుని పొగదారి పైఅంచు అరగదీసేవాళ్లున్నారు. 54 మి.మీ. స్ట్రోకు ఉన్న ఈ ఇంజన్లో ఆ అంచును ఒక్క మిల్లీమీటరు పైకి జరిపితే, తెరవడం మూయడం రెండూ కలిపి క్రాంకు లెక్కలో 4 డిగ్రీలు పెరుగుతాయి. పై చుట్లలో బలం వస్తుంది, కిందిది పోతుంది. అరిగిన లోహం మళ్లీ అంటుకోదు. సైలెన్సర్ నచ్చకపోతే విప్పి పక్కన పడేయొచ్చు, సిలిండరు చెడితే మరో సిలిండరు వెతకాలి. మంచి సిలిండరు దొరకడమే కష్టమైన బండికి ఈ పని చేయడం నాకు సాహసంలా కనిపించదు.

నన్నడిగితే మొదటి డబ్బు ఆయిల్ సీళ్ల మీద పెట్టాలి. ఎవరికీ కనిపించని ఈ రబ్బరు ఉంగరాల దగ్గరే పాత టూ-స్ట్రోకుల ప్రాణం ఉంది. ఈ ఇంజన్లో క్రాంకు గది అంటే ఆయిలు నిలిచే తొట్టి కాదు, అదొక పంపు. పిస్టన్ పైకి పోతే అది కార్బొరేటర్ నుంచి మిశ్రమాన్ని పీలుస్తుంది, కిందికి వస్తే సిలిండర్లోకి నెడుతుంది. క్రాంకు రెండు చివర్లా ఉన్న సీళ్లు ఈ పంపుకు మూతలు. ముప్పై, నలభై ఏళ్లకు రబ్బరు గట్టిపడి పెదవి పగులుతుంది. క్లచ్ వైపు సీలు పోతే గేర్ల ఆయిలు లోపలికి లాక్కుని తెల్లటి పొగ కక్కుతుంది. దాన్ని జనం కళ్లతో చూసి మెకానిక్ దగ్గరికి తెస్తారు. మాగ్నెటో వైపుది పోతే మాత్రం చప్పుడుండదు. బయటి గాలి లోపలికి చొరబడి మిశ్రమం పల్చనవుతుంది. బండి నిజానికి ఇంకా చురుగ్గా పరుగెత్తుతున్నట్టు కూడా అనిపిస్తుంది, పిస్టన్ కరిగి సిలిండరుకు పట్టేసేదాకా. అలా పట్టేసిన ఇంజనుకు కొత్త పిస్టన్ వేసి, సీలు మార్చకుండా ఇస్తే, అదే రోగం నెల తిరగకుండా మళ్లీ వస్తుంది.

దీన్ని ముందే పట్టుకునే పరీక్షకు పెద్ద పరికరం అక్కర్లేదు. పొగదారికీ కార్బొరేటర్ దారికీ రబ్బరు బిరడాలు బిగించి, డాక్టరు బీపీ చూసే రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి. 6 పీఎస్‌ఐ చాలు. బీపీ లెక్కలో 310 పాదరస మిల్లీమీటర్లు, అంటే ఆ పరికరం కొలబద్ద చివర ఉండే 300 కన్నా కాస్త పైన. ఆరు నిమిషాలు ముల్లు దిగకుండా నిలిస్తే లోపల గట్టిగా ఉన్నట్టు. దిగితే సబ్బునీళ్లు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి. సీలు కొనడమూ బేరింగు కొన్నట్టే. షాఫ్టు వ్యాసం, గూడు వ్యాసం, మందం, ఈ మూడూ చెబితే రాణిగంజ్‌లో అట్టపెట్టె తీస్తారు. పెట్రోలు తగిలే చోట ఏ రబ్బరు వాడారన్నది కూడా అడగాలి, అడిగేవాళ్లు తక్కువ. క్రాంకు బేరింగు దగ్గర మరో మెలిక ఉంది. కొన్ని ఇంజన్లలో బయటి వలయం కదలకుండా పిన్ను కూర్చునే గుంట ఉంటుంది. వేడికి వ్యాకోచించేందుకు లోపల గోళీలకు ఎక్కువ సందు కూడా కావాలి, దాన్ని బేరింగు మీద సీ3, సీ4 అని రాస్తారు. కొలత సరిపోయిందని ఫ్యాను మోటారు బేరింగు తెచ్చి క్రాంకుకు కొట్టకూడదు.

తర్వాత బోరు. బాన్షీకి ఇనుప లైనరు ఉండటం అదృష్టం, అరిగితే బోరు కొట్టించవచ్చు. రసాయన పూత వేసిన సిలిండర్లకు ఆ వీలు లేదు. 64 నుంచి పావు మిల్లీమీటరు చొప్పున పెద్ద సైజు పిస్టన్లు దొరుకుతాయి. 65 దాకా పోతే 358 సీసీ అవుతుంది, పెరిగింది 11 సీసీలే. బలం కోసం బోరు పెంచుతున్నామనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. అసలు ఉద్దేశం సిలిండరును మళ్లీ గుండ్రంగా చేయడమే. అందుకే పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొట్టాలి. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, చుట్టూ చిన్న లేతు షెడ్లు లెక్కలేనన్ని. మైక్రోమీటరు చేతబట్టిన మేస్త్రీకి అక్కడ కరువు లేదు. రాజ్‌దూత్ పిస్టన్, బాన్షీ పిస్టన్ రెండిటి బోరూ 64 కదా అని మార్చి వేద్దామనుకుంటే, పిన్ను నుంచి కిరీటం దాకా ఎత్తు, స్కర్టులోని కిటికీలు, రింగుల పిన్నుల చోటు అన్నీ సరిచూడాలి. ఒక్క అంకె కలిస్తే చుట్టరికం తెలుస్తుందంతే, సామాను మారదు.

చైనుకూ నంబరే. 520లో 5 అంటే లింకుల దూరం అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, 20 అంటే వెడల్పు పావు అంగుళం. బాన్షీకి 520 చైను. మన వీధుల్లో తిరిగే కేటీఎం డ్యూక్ 390కీ అదే. టైరు మాత్రం ఏ మోటారు సైకిల్‌దీ రాదు. 20×11-9 అంటే ఎత్తు 20 అంగుళాలు, వెడల్పు 11, రిమ్ము 9. గాలి 4 పీఎస్‌ఐ చాలు, మన స్కూటర్ టైర్లో దానికి చాలా రెట్లుంటుంది. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, డిఫరెన్షియల్ ఉండదు. మట్టిలో టైరు జారి సర్దుకుంటుంది, తారు రోడ్డు మీద సర్దుకోలేక బండిని తిన్నగా తోస్తుంది. ఈ బండికి రోడ్డు రిజిస్ట్రేషన్ లేదని గునిసేవాళ్లు ఒక్క మలుపు తారు మీద తిప్పి చూస్తే చాలు.

రిసార్టు బండ్ల సంగతి ఇంకా తమాషా. చైనా నుంచి వచ్చే చిన్న క్వాడ్ల 110 సీసీ ఇంజన్లకు చాలావాటికి స్ట్రోకు 49.5 మి.మీ., బోరు 52.4. హీరో హోండా సీడీ100 స్ట్రోకు కూడా సరిగ్గా 49.5. రెండూ హోండా కబ్ సంతానమే. వీటిని బాగుచేయడానికి రేసు మేస్త్రీ అక్కర్లేదు, స్ప్లెండర్ మెకానిక్ చాలు.

అన్నీ బిగించాక మిగిలేది పెట్రోలు ఎంత పోవాలో తేల్చే కార్బొరేటర్ జెట్టు. కొత్త సైలెన్సర్‌తో పాటు వచ్చే కాగితం మీద జెట్టు నంబరు ఉంటుంది, దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. సికింద్రాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది, ఆ ఎత్తుకే గాలి 5 శాతం పల్చన. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, ప్రామాణికంగా తీసుకునే 15 డిగ్రీలతో పోలిస్తే, మరో 8 శాతానికి పైగా పల్చబడుతుంది. గాలి తగ్గినప్పుడు పెట్రోలూ తగ్గాలి, చిన్న జెట్టు వేస్తాం, బండి హాయిగా పరుగెత్తుతుంది. ప్రమాదం డిసెంబరులో ఉంది. తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో గాలి మే నెల కన్నా పది శాతం చిక్కగా ఉంటుంది. అదే చిన్న జెట్టుతో తీస్తే మిశ్రమం పల్చనై, సీలు చిరిగినప్పుడు జరిగేదే జరుగుతుంది. అందుకని పెద్ద జెట్టుతో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే దిగాలి. ప్రతిసారీ ప్లగ్గు విప్పి రంగు చూడాలి. కాఫీ గింజ రంగు దగ్గర ఆగాలి, తెల్లబడితే ఒక మెట్టు పైకెక్కాలి. మే జెట్టు, డిసెంబరు జెట్టు రెండూ నంబర్లు రాసిన పొట్లాల్లో టూల్ బాక్సులో ఉండాలి.